ఆ మిగిలిన ఒకటి ఎవరి ఖాతాలో?

నేను ట్యూషన్లు చెప్పుకునే రోజుల్లో మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉండేది. కొట్టాయన కూతురు తొమ్మిదో తరగతి. ఓ సాయంత్రం జీలకర్ర కోసం వెళ్తే, ఆ పిల్ల గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూచుని నోట్‌బుక్ నింపుతోంది. ఒక్కో ఫార్ములా పదేసి సార్లు. మర్నాడు స్లిప్ టెస్టట. తొంగి చూశాను. మెగ్నీషియం క్లోరైడ్‌కి ‘ఎంజీసీఎల్’ అని పదిసార్లు రాసింది. పదిసార్లూ తప్పే.

“మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కదమ్మా, క్లోరిన్ ఒక్కటేగా పుచ్చుకునేది?” అన్నాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. త్రాసులో కందిపప్పు తూస్తున్న వాళ్ల నాన్న తల కూడా ఎత్తకుండా అందుకున్నాడు. “రెండిస్తే ఒకటే జమయిందా? మరి ఆ మిగిలిన ఒకటి ఎవరి ఖాతాలో రాశావు తల్లీ?”

పిల్ల ఒక్క క్షణం ఆగింది. “ఇంకో క్లోరిన్ ఖాతాలో రాయాలి నాన్నా” అని, సీఎల్ కింద చిన్న రెండు వేసింది.

ఆయనకి కెమిస్ట్రీ రాదు, లెక్క వచ్చు. ఫార్ములా రాయడానికి కావలసింది ఆ రెండోదే.

ఎక్కాలు వేరు, గుణకారం వేరు

మనం బడిలో ఎక్కాలు కంఠతా పట్టాం. కానీ 347ని 26తో గుణిస్తే ఎంతో ఎవరూ కంఠతా పట్టలేదు. అవసరమైనప్పుడు చేసుకుంటాం. ఏది నోటికి రావాలో, ఏది చేతికి రావాలో లెక్కల దగ్గర మనకు స్పష్టంగా తెలుసు. రసాయన శాస్త్రం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికో పోతుంది. గుణకారాలన్నీ బట్టీ పడతాం, ఎక్కాలు మాత్రం నేర్చుకోం. ‘నాకు జ్ఞాపకశక్తి తక్కువ’ అని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు లోపం జ్ఞాపకశక్తిది కాదు. మోయక్కర్లేని బరువు మోస్తున్నారంతే.

ఇక్కడ ఎక్కాలంటే అయాన్లు. సోడియం, కాల్షియం లాంటి లోహాలు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తాయి. క్లోరిన్, ఆక్సిజన్ లాంటి అలోహాలు పుచ్చుకుంటాయి. ఇచ్చినది ధన అయాన్, పుచ్చుకున్నది రుణ అయాన్. అయాన్ అనే మాటను 1834లో మైకేల్ ఫారడే గ్రీకు నుంచి తెచ్చి రసాయన శాస్త్రానికి ఇచ్చాడు. కానీ తెలుగులో చదివేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. ధనం, రుణం అన్న మాటల్లోనే లెక్కంతా ఉంది. ఇచ్చినవాడి దగ్గర ధనం, పుచ్చుకున్నవాడి నెత్తిన రుణం. రెండూ సరిపోయి ఖాతా సున్నా అయితే సమ్మేళనం తయారైనట్టు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ అధ్యాయంలో ఫార్ములాలను మనం నోటితో పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. మీ నోట్‌బుక్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి, అంకెల్ని అక్షరం కింద చిన్నగా వేయండి.

ఇరవై మూడు ఎక్కాలు

మొదట ఇచ్చేవాళ్లు.

ఒకటి ఇచ్చేవి: సోడియం (ఎన్ఏ), పొటాషియం (కె), వెండి (ఏజీ), అమ్మోనియం (ఎన్‌హెచ్4).
రెండు ఇచ్చేవి: మెగ్నీషియం (ఎంజీ), కాల్షియం (సీఏ), జింక్ (జెడ్ఎన్), బేరియం (బీఏ).
మూడు ఇచ్చేది: అల్యూమినియం (ఏఎల్).
రెండు రకాలుగా ఇచ్చేవి: ఇనుము (ఎఫ్ఈ) ఒకచోట రెండు, ఇంకోచోట మూడు. రాగి (సీయూ) ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు.

ఇప్పుడు పుచ్చుకునేవాళ్లు.

ఒకటి: ఫ్లోరైడ్ (ఎఫ్), క్లోరైడ్ (సీఎల్), హైడ్రాక్సైడ్ (ఓహెచ్), నైట్రేట్ (ఎన్ఓ3), బైకార్బొనేట్ (హెచ్‌సీఓ3).
రెండు: ఆక్సైడ్ (ఓ), సల్ఫైడ్ (ఎస్), సల్ఫేట్ (ఎస్ఓ4), కార్బొనేట్ (సీఓ3).
మూడు: ఫాస్ఫేట్ (పీఓ4).

ఇనుము, రాగిలను రెండేసి చొప్పున లెక్కేస్తే ఇచ్చేవి 13, పుచ్చుకునేవి 10. మొత్తం 23. వీటిని జతకలిపితే 130 ఫార్ములాలు కాగితం మీద రాయొచ్చు. అల్యూమినియం కార్బొనేట్ లాంటి కొన్ని నిజానికి సీసాలో నిలవవు, అయినా సాధనకు పనికొస్తాయి. 23 నోటికి వస్తే 130 చేతికి వస్తాయి. ఇంత లాభసాటి బేరం చదువులో అరుదు.

ఈ జాబితాలో పిల్లల్ని బెదరగొట్టేది ఒకటుంది. సోడియంకి ఎన్ఏ ఏమిటి, పొటాషియంకి కె ఏమిటి, ఇనుముకి ఎఫ్ఈ ఏమిటి? స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1810ల్లో ఈ సంకేతాలు పెట్టినప్పుడు లాటిన్ పేర్లు తీసుకున్నాడు. నాట్రియం, కాలియం, ఫెర్రం, కుప్రం, అర్జెంటం. ఇంగ్లిష్ మీడియం పిల్లవాడికీ ఇవి పరాయి పేర్లే. కాబట్టి ‘తెలుగు మీడియం కాబట్టి నాకు రావట్లేదు’ అన్న చింత ఈ ఒక్క విషయంలోనైనా వదిలేయండి.

పేరు చదవడం

పేరు పెట్టడానికి రెండే సూత్రాలు. ఇచ్చినవాడి పేరు ముందు, ఏ మార్పూ లేకుండా. పుచ్చుకున్నవాడి పేరు వెనక, తోక మార్చుకుని. సోడియం సోడియంగానే ఉంటుంది. క్లోరిన్ మాత్రం క్లోరైడ్ అవుతుంది, ఆక్సిజన్ ఆక్సైడ్ అవుతుంది, సల్ఫర్ సల్ఫైడ్ అవుతుంది.

తోక మారిందంటే స్వభావమే మారిందని అర్థం. క్లోరిన్ ఊపిరితిత్తుల్ని కాల్చే వాయువు. క్లోరైడ్ మన పచ్చడిలో ఉప్పు. ఫ్లోరిన్ పసుపుపచ్చటి ప్రమాదకర వాయువు. నల్లగొండ బోరు నీళ్లలో కరిగి తరాల ఎముకల్ని వంచింది ఆ వాయువు కాదు, ఫ్లోరైడ్ అయాన్. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ నీళ్లను బాగుచేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారు. అందులో వాడేవీ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరే. జబ్బు కలిగించేది అయానే, దాన్ని పట్టి కిందికి దించేవీ అయాన్ల సరుకే.

తోకలు మూడు రకాలు. ‘ఐడ్’ అంటే సాధారణంగా ఒంటరి మూలకం. హైడ్రాక్సైడ్, సయనైడ్ మాత్రం మినహాయింపులు. ‘ఏట్’, ‘ఐట్’ అంటే ఆక్సిజన్‌ని వెంటేసుకున్న గుంపు. రెంటిలో ఎవరికి ఎక్కువ? ఇదొకటి పెట్టుకోండి: ఏట్‌కి ఎక్కువ. నైట్రేట్‌లో మూడు ఆక్సిజన్లు, నైట్రైట్‌లో రెండు. సల్ఫేట్‌లో నాలుగు, సల్ఫైట్‌లో మూడు. ఐట్ కంటే ఇంకా తక్కువైతే ముందు ‘హైపో’ చేరుతుంది. 2020లో కరోనా రోజుల్లో మునిసిపాలిటీ వాళ్లు వీధుల్లో చల్లిన సోడియం హైపోక్లోరైట్ గుర్తుందా? అందులో క్లోరిన్‌కి తోడు ఒక్క ఆక్సిజనే. ఎన్ఏసీఎల్ఓ.

ఈ పద్ధతి లేకముందు ఎలా ఉండేదో మన మందుల కొట్టు పేర్లే చెబుతాయి. మైలుతుత్తం, అన్నభేది, నవాసారం, సురేకారం. వినడానికి ఎంతో సొగసైన పేర్లు. కానీ మైలుతుత్తం, అన్నభేది దగ్గరి చుట్టాలని ఆ పేర్లు చెప్పగలవా? ఒకటి కాపర్ సల్ఫేట్, రెండోది ఫెర్రస్ సల్ఫేట్. అనగానే చుట్టరికం బయటపడింది. 1787లో ఫ్రాన్స్‌లో లవోయిజే, అతని ముగ్గురు సహచరులు కలిసి పాత పేర్లను పక్కనపెట్టి, లోపలున్నదేమిటో చెప్పే పేర్లు పెట్టాలని ఒక పుస్తకం ప్రకటించారు. మనం ఇవాళ వాడుతున్న పద్ధతి దాని సంతానమే.

ఫార్ములా రాయడం: క.సా.గు. చాలు

బడిలో క్రిస్-క్రాస్ పద్ధతి నేర్పుతారు. వీళ్ల అంకె వాళ్ల కింద, వాళ్ల అంకె వీళ్ల కింద. త్వరగా అయిపోతుంది, కానీ ఎందుకలా వేస్తున్నామో చెప్పదు. మెగ్నీషియం ఆక్సైడ్ రాయమంటే ఎంజీ2ఓ2 వస్తుంది. దాన్ని మళ్లీ కుదించి ఎంజీఓ చేయాలి. కుదించడం మరిచిపోతే మార్కు పోతుంది.

నేను పిల్లలకి ఇంకో దారి చెప్పేవాణ్ని. ఐదో తరగతి క.సా.గు. దారి.

అల్యూమినియం ఆక్సైడ్ తీసుకోండి. అల్యూమినియం ఇచ్చేది 3. ఆక్సిజన్ పుచ్చుకునేది 2. 3, 2ల క.సా.గు. 6. అంటే మొత్తం ఆరు ఎలక్ట్రాన్లు చేతులు మారితే ఖాతా సరిపోతుంది. ఆరు ఇవ్వాలంటే ఎన్ని అల్యూమినియంలు? రెండు. ఆరు పుచ్చుకోవాలంటే ఎన్ని ఆక్సిజన్లు? మూడు. ఏఎల్2ఓ3.

మెగ్నీషియం ఆక్సైడ్‌కి 2, 2ల క.సా.గు. 2. ఒకటీ ఒకటీ. ఎంజీఓ. కుదించే పనే లేదు.

కాల్షియం ఫాస్ఫేట్: 2, 3. క.సా.గు. 6. కాల్షియంలు మూడు, ఫాస్ఫేట్ గుంపులు రెండు. సీఏ3(పీఓ4)2.

ఇక్కడ బ్రాకెట్ వచ్చింది చూడండి. గుంపు ఒకటి కంటే ఎక్కువైతే బ్రాకెట్ పెట్టాలి. ఒకటే అయితే అక్కర్లేదు. సున్నం నీళ్లలోని కాల్షియం హైడ్రాక్సైడ్ సీఏ(ఓహెచ్)2. మాస్టార్లు ‘ఓహెచ్ హోల్ ట్వైస్’ అంటారే, ఆ ‘హోల్’ అన్న మాటే బ్రాకెట్. బ్రాకెట్ మరిచిపోయి సీఏఓహెచ్2 అని రాస్తే ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్లు రెండు అయిపోతాయి. రెండు ఇళ్లకు భోజనం పంపమంటే ఒకే ఇంటికి రెండు కూరలు పంపినట్టు.

మరి ఈ అంకెలు దేనికి లెక్క? దోసెల పిండికి ఒక పాలు మినప్పప్పు, మూడు పాళ్లు బియ్యం అంటాం. గిన్నెలో ఎన్ని గింజలున్నాయో ఆ మాట చెప్పదు. ఫార్ములా కూడా పాళ్లే. ఉప్పు కల్లులో ఒక సోడియం, ఒక క్లోరిన్ విడిగా జతకట్టి ఉండవు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు వరసగా పేర్చి ఉంటాయి. ఎన్ఏసీఎల్ అంటే ఒకటికి ఒకటి పాలు అని మాత్రమే.

రెండు ముఖాల లోహాలు

కాల్షియం క్లోరైడ్‌ని ఎవరూ ‘కాల్షియం డైక్లోరైడ్’ అనరు. కాల్షియం ఎప్పుడూ రెండే ఇస్తుంది కాబట్టి పేరులో అంకె చెప్పాల్సిన పని లేదు. కార్బన్ డయాక్సైడ్‌లో ‘డై’ ఉందంటే అది అయాన్ల వ్యవహారం కాదు, రెండు అలోహాల పొత్తు. ఆ నియమం వేరు.

ఇనుము, రాగి అలా మాట మీద నిలబడేవి కావు. అందుకే వాటి పేరులో అంకె చెప్పాలి. పాత పద్ధతిలో ‘అస్’, ‘ఇక్’ అనే తోకలు. దీనికీ ఒక గుర్తు ఇస్తాను: అస్ అల్పం, ఇక్ ఇంకాస్త. ఫెర్రస్ అంటే రెండు, ఫెర్రిక్ అంటే మూడు. కుప్రస్ అంటే ఒకటి, కుప్రిక్ అంటే రెండు. కుప్రస్ ఆక్సైడ్ సీయూ2ఓ, ఎర్రగా ఉంటుంది. కుప్రిక్ ఆక్సైడ్ సీయూఓ, నల్లగా ఉంటుంది. ఉన్నవి అవే రెండు మూలకాలు. పాళ్లు మారితే రంగే మారిపోయింది.

కొత్త పద్ధతిలో పేరు పక్కనే బ్రాకెట్లో రోమన్ అంకె వేస్తారు. జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో దీన్ని ప్రతిపాదించాడు. ఐరన్ (త్రీ) క్లోరైడ్ అంటే ఎఫ్ఈసీఎల్3. ఆ రోమన్ అంకె పరమాణువుల సంఖ్య అనుకుని చాలామంది బోల్తా పడతారు. అది ఒక్కో ఇనుము ఇచ్చిన ఎలక్ట్రాన్ల సంఖ్య. ఐరన్ (త్రీ) ఆక్సైడ్‌లో మూడు ఇనుములు లేవు. 3, 2ల క.సా.గు. 6 కాబట్టి ఎఫ్ఈ2ఓ3.

ఫార్ములా ఇచ్చి పేరు అడిగితే వెనక నుంచి రండి. రుణ అయాన్ ఎప్పుడూ మాట తప్పదు. సీయూఎస్ఓ4లో సల్ఫేట్ పుచ్చుకున్నది రెండు. రాగి ఒక్కటే ఉంది. ఆ రెండూ అదే ఇచ్చి ఉండాలి. కాబట్టి కాపర్ (టూ) సల్ఫేట్. రైతులు బోర్డో మిశ్రమం కోసం 100 లీటర్ల నీటికి కిలో సున్నంతో పాటు కిలో మైలుతుత్తం కలుపుతారే, అదే. ఆ నీలి పలుకుల్లో నీళ్లు కూడా చిక్కుకుని ఉంటాయి కాబట్టి పూర్తి పేరు చివర ‘పెంటాహైడ్రేట్’ చేరుతుంది. అయిదు పాళ్ల నీళ్లు అన్నమాట. వేడిచేస్తే నీళ్లు పోతాయి, నీలం కూడా పోతుంది.

తోక చిన్నదే, తేడా ప్రాణమంత

‘పేరులో ఒక్క అక్షరమేగా’ అనే నిర్లక్ష్యం ఇక్కడ పనికిరాదు. 19వ శతాబ్దంలో వైద్యులు విరేచనాల మందుగా ఇచ్చిన కలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్. అదీ మంచిది కాదని తర్వాత తేలింది. కానీ మెర్క్యురిక్ క్లోరైడ్ తీవ్రమైన విషం. తేడా ‘అస్’కీ ‘ఇక్’కీ మధ్యే. (మెర్క్యురస్‌లో పాదరసాలు రెండేసి జతగా ఉంటాయి. అందుకే దాన్ని హెచ్‌జీ2సీఎల్2 అనే రాస్తారు, కుదించరు. మన క.సా.గు. పప్పులు ఉడకని చోటు ఇది.)

కడుపు ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో తెల్లటి బేరియం సల్ఫేట్ తాగిస్తారు. అది నీటిలో గానీ కడుపులోని ఆమ్లంలో గానీ కరగదు కాబట్టి అలాగే బయటికి పోతుంది. బేరియం కార్బొనేట్ తెల్లగానే ఉంటుంది, కానీ కడుపులోని ఆమ్లంలో కరిగిపోతుంది. దాన్ని ఎలుకల మందుగా వాడేవారు. ముందు పేరు ఒకటే, వెనక పేరు చూడకపోతే ప్రాణం పోతుంది.

జారే చోట్లు

తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. అందుకే ఇంగ్లిష్ సంకేతాలు రాసేటప్పుడు మన పిల్లలు ఆ తేడాను పెద్దగా పట్టించుకోరు. సంకేతంలో మొదటి అక్షరం పెద్దది, రెండోది ఉంటే చిన్నది. సీ, ఓ రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్. ఓ చిన్నదైతే కోబాల్ట్ లోహం. ఒకటి ఊపిరి తీసే వాయువు, ఇంకోటి గట్టి లోహం.

రెండో చోటు అమ్మోనియం. ఇది లోహం కాదు, గుంపు. అయినా ఇచ్చేవాళ్ల వరసలో కూచుంటుంది. అమ్మోనియం సల్ఫేట్‌లో అది రెండుసార్లు వస్తుంది కాబట్టి బ్రాకెట్ ముందే పడుతుంది: (ఎన్‌హెచ్4)2ఎస్ఓ4.

మూడోది, ఎలక్ట్రాన్ల లెక్కను జవాబులో వదిలేయడం. ప్లస్ టూ, మైనస్ వన్ గుర్తులు చిత్తుకాగితం మీద ఉండాలి. ఖాతా సరిపోయాక ఫార్ములాలో అవి కనిపించకూడదు. అప్పు తీరాక ప్రోనోటు చింపేస్తాం కదా, అలాగ.

ఏడు రోజుల సాధన

మొదటి రెండు రోజులు 23 అయాన్లను బిగ్గరగా చదవండి. ఎక్కాల్లాగే, రాగం పెట్టి. ‘సోడియం ఒకటి, కాల్షియం రెండు, అల్యూమినియం మూడు.’ సిగ్గుపడకండి. నోటికి రానిది చేతికి రాదు.

మూడో రోజు వంటింట్లోకి వెళ్లండి. ఉప్పు, వంటసోడా, సున్నం. సోడియం క్లోరైడ్, సోడియం బైకార్బొనేట్, కాల్షియం హైడ్రాక్సైడ్. మూడింటి ఫార్ములాలూ చూడకుండా రాయండి. అయొడైజ్డ్ ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్. ‘ఐడ్’ కాదు, ‘ఏట్’. అంటే ఆక్సిజన్ ఉందని తెలిసిపోయింది కదా.

నాలుగో రోజు మందుల డబ్బా. ఓఆర్ఎస్ ప్యాకెట్ తిప్పి చదవండి. లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. ఈ నాలుగింటిలో అయాన్ల సమ్మేళనం కానిదేదో పేరు చూసి చెప్పండి. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు లేని పేరు ఒక్కటే ఉంది.

ఐదో రోజు ఎరువుల బస్తా. మురియేట్ ఆఫ్ పొటాష్ అని రాసి ఉంటుంది, అసలు పేరు పొటాషియం క్లోరైడ్. జింక్ సల్ఫేట్, అమ్మోనియం సల్ఫేట్ కూడా రాయండి.

ఆరో రోజు పరీక్ష. అల్యూమినియం సల్ఫేట్, అమ్మోనియం ఫాస్ఫేట్, జింక్ నైట్రేట్, కుప్రస్ సల్ఫైడ్, బేరియం హైడ్రాక్సైడ్. ఎక్కడా చూడకండి. ప్రతిదానికీ ముందు క.సా.గు., తర్వాత ఫార్ములా.

జవాబులు: ఏఎల్2(ఎస్ఓ4)3, (ఎన్‌హెచ్4)3పీఓ4, జెడ్ఎన్(ఎన్ఓ3)2, సీయూ2ఎస్, బీఏ(ఓహెచ్)2.

ఏడో రోజు ఇంకొకరికి నేర్పండి. తమ్ముడికో, చెల్లికో, లేదా కెమిస్ట్రీ రాని నాన్నకో. వాళ్లు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటే, వచ్చినట్టే.

ఆ కొట్టు పిల్ల పది రోజుల తర్వాత ట్యూషన్‌కి కొత్త నోట్‌బుక్‌తో వచ్చింది. మొదటి పేజీలో 23 అయాన్లు, తక్కినదంతా లెక్కలు. పాతది ఏం చేశావమ్మా అంటే నవ్వేసింది. ఆదివారం వాళ్ల కొట్లో కొన్న జీలకర్ర పొట్లం ఇంటికి తెచ్చి విప్పాను. కాగితం మీద వరసగా పదిసార్లు, మెగ్నీషియం క్లోరైడ్, ఎంజీసీఎల్. ప్రతి వరస చివరా ఎర్ర పెన్నుతో, గల్లాపెట్టె దగ్గర పద్దులు రాసే చేతిరాతలో ఒకే మాట: ‘ఒకటి బాకీ’.